ఆ ఐదు వోల్టులు ఎక్కడివి?

సంపాదకులకు నమస్కారం.

మాది పర్లాకిమిడి. రాష్ట్రం ఒడిశా అయినా మీ పత్రిక పాతపట్నం వైపు నుంచి పొద్దున్నే మాకు వచ్చేస్తుంది. ముప్పై ఏడేళ్ళుగా ఇక్కడ రిపేరు కొట్టు నడుపుతున్నాను. మా నాన్న వాల్వు రేడియోలు బాగుచేసేవారు. సామాన్లు కావాలంటే చిన్న రైల్లో నౌపడా దాకా వెళ్ళి, అక్కడ పెద్ద రైలెక్కి విశాఖ పోయి వచ్చేవారు. నా కాలంలో టీవీలు వచ్చాయి, ఇప్పుడవీ తగ్గి ఎమర్జెన్సీ లైట్లూ ఇన్వర్టర్లూ మిగిలాయి. పత్రికకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. రాయించినది మీ ఆదివారం పిల్లల పేజీ.

గత నెల ఆ పేజీలో ఒక సర్క్యూట్ వేశారు. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయేది. ప్రోగ్రాం ఎక్కించి వాడే ఏటీమెగా 328 చిప్పు, అది చెప్పినట్టు మోటారుకి స్విచ్ వేసి తీసే ఒక రిలే, ట్యాంకులోకి దిగే మూడు స్టీలు కడ్డీలు. వ్యాసం బాగానే ఉంది. రాగి రేకు బోర్డు మీదకి గీతలు ఎలా దించాలో, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ఎంతసేపు ఉంచాలో, ప్లాస్టిక్ ట్రేనే ఎందుకు వాడాలో, అల్యూమినియం గిన్నె ఎందుకు పనికిరాదో అన్నీ చెప్పారు. రాసినవారికి వేళ్ళు పచ్చబడిన అనుభవం ఉందని తెలుస్తూనే ఉంది. కానీ బొమ్మలో ఎడమవైపు పై మూలన ఒక చిన్న బాణం వేసి, పక్కన 'ప్లస్ 5 వోల్టులు' అని వదిలేశారు. ఆ బాణం గురించి వ్యాసం మొత్తంలో ఒక్కటే వాక్యం ఉంది, నిలకడైన డీసీ కరెంటు కలపమని. 'ఇచట స్థిరీకృత ఏకముఖ విద్యుత్తును అనుసంధానించవలెను.'

అనుసంధానించారండీ. నాకు తెలిసి ముగ్గురు. ముగ్గురూ చివరికి నా కొట్టుకే వచ్చారు.

మొదట వచ్చింది మా వీధి చివరి ఇంటి అమ్మాయి. తొమ్మిదో తరగతి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, చిప్పు వివరాలుండే కాగితం, అదే డేటాషీట్, ఇంగ్లీషు. అయినా బోర్డు తనే చేసింది, రంధ్రాలు తనే వేసింది, టంకం కూడా తనే పెట్టింది. టంకం చుక్కలు చూసి నేను మనసులోనే మెచ్చుకున్నాను. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళు రెండేళ్ళకి కూడా అంత నున్నగా పెట్టలేదు. బోర్డు నా బల్ల మీద పెట్టి, "తాతా, చిప్పు పెనంలా కాలిపోతోంది. ఏటి తప్పు చేసినాను?" అని అడిగింది.

సంచిలోంచి తీసి ఎడాప్టర్ చూపించింది. పాత సెట్‌టాప్ బాక్సుది. మీద 12 వోల్టులు అని స్పష్టంగా ఉంది. చూడలేదా అంటే చూశానంది. "ఇంట్లో ఉన్న ఎడాప్టర్లలో దీని పిన్నే జాక్‌లో పట్టింది" అంది.

సంపాదకుల వారూ, ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. తప్పు ఆ పిల్లది కాదు. గుండ్రటి డీసీ పిన్ను ఉందే, అది 5 వోల్టుల ఎడాప్టర్‌కీ, 9కీ, 12కీ ఒకే సైజులో వస్తుంది. కొన్నిటికి లోపలి గొట్టం ప్లస్, కొన్నిటికి బయటిది ప్లస్. మూత సరిపోయిందని ఏ సీసాలోదైనా తాగేస్తామా? ఆ చిప్పుకి పని చేసే వోల్టేజీ 1.8 నుంచి 5.5 దాకా. 6 దాటితే చిప్పు బతుకుతుందన్న పూచీ లేదని తయారుచేసినవాళ్ళే డేటాషీట్‌లో రాసుకున్నారు. అలాంటిదాని మీద 12 పడింది. పెనంలా కాలక ఏం చేస్తుంది?

ఆ రోజు తనకి చెప్పింది ఇదే. బోర్డు మీద గుండ్రటి జాక్ పీకేసి, ఫోను చార్జరు కేబుల్ పట్టే సాకెట్ పెట్టమన్నాను. ఇక 12 వోల్టుల ఎడాప్టర్ పెడదామన్నా పట్టదు. చార్జరు ఎలాగూ 5 వోల్టులే ఇస్తుంది. ఫాస్ట్ చార్జరైనా, ఎక్కువ కావాలని ఫోను అడిగితేనే పెంచుతుంది, అడగని బోర్డుకి 5 దగ్గరే ఆగుతుంది. లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి గోడలో ఉన్న 230కీ, చేతిలో ఉన్న 5కీ మధ్య తీగ సంబంధం ఉండదు. ఈ ఆఖరి సంగతి ఎంత పెద్దదో మూడో కేసులో చెబుతాను.

అయితే చార్జరు అంటే సంతలో బుట్టలో పోసి అమ్మేది కాదు. నేను అలాంటివి చాలా విప్పాను. 230 వైపుకీ 5 వైపుకీ మధ్య బోర్డు మీద కనీసం 5, 6 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. కొన్నిటిలో అగ్గిపుల్ల తల దూరే సందు కూడా ఉండదు. భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తూ, దాని కింద 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరూ ఉన్నది కొనుక్కోవాలి. మా వైపు ఇది మరీ ముఖ్యం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెళ్ళాక కరెంటు మళ్ళీ ఇచ్చిన వారంలో నా కొట్టు ముందు కాలిపోయిన చార్జర్ల కుప్ప పడింది. న్యూట్రల్ తీగ తెగిన లైనులో ఇంట్లోకి 230 బదులు 300 పైన కూడా వచ్చేస్తుంది. అలాంటి రోజున మంచి చార్జరు తను చచ్చి బోర్డుని కాపాడుతుంది. నాసిరకందైతే బోర్డునీ, పట్టుకున్న చేతినీ తనతోపాటే లాగుతుంది.

అమ్మాయి బోర్డు తిప్పి చూస్తే ఇంకో లోపం కనిపించింది, అది మీ బొమ్మదే. చిప్పుకి ప్లస్ వెళ్ళే కాళ్ళు రెండు, 7వదీ 20వదీ. మైనస్ కాళ్ళు 8, 22. మీ బొమ్మలో 20, 22 ఖాళీగా వదిలేశారు. వాటి పక్కన ఉండాల్సిన, కాస్త కరెంటు దాచి ఉంచే 104 కండెన్సర్లు అసలే లేవు. 104 అంటే 10 పక్కన నాలుగు సున్నాలు, లక్ష పికోఫారడ్‌లు. దాన్నే 100 నానోఫారడ్‌లు అంటారు. పావలా బిళ్ళలో సగం కూడా ఉండదు. "సప్లైలో పెద్ద కండెన్సర్ ఉంది కదా తాతా, మళ్ళీ ఈ బుడ్డోడు ఎందుకు?" అని అడిగింది. నూతిలో ఎన్ని నీళ్ళున్నా పొయ్యి పక్కన చెంబు ఉండాలి కదమ్మా అన్నాను. చిప్పు సెకనులో కోటిన్నరకి పైగా సార్లు గుటక వేస్తుంది, ప్రతి గుటకకీ నూతి దాకా పోయి రాలేదు. ఆ చెంబు కాలికి ఎంత దగ్గరుంటే అంత మంచిది. బోర్డుకి ఆ మూలన పెడితే పెట్టనట్టే.

ఇంకో అలవాటు కూడా నేర్పాను. మా నాన్న ఏ సెట్ బాగుచేసినా నేరుగా ప్లగ్గులో పెట్టేవారు కాదు. ముందు సిరీస్ బల్బు బోర్డులో, అంటే కరెంటు బల్బు గుండా సెట్‌కి వెళ్ళేలా కట్టినదాంట్లో, పెట్టేవారు. బల్బు భగ్గున వెలిగితే లోపల షార్ట్ ఉన్నట్టు. 5 వోల్టులకి బల్బు అక్కర్లేదు, పద్ధతి మాత్రం అదే. చిప్పుని నేరుగా బోర్డుకి అతికించకుండా, గుచ్చి తీసే వీలున్న ఐసీ బేస్ పెట్టాలి. ఇంట్లో చేసిన బోర్డులో కంటికి ఆనని రాగి పోగు రెండు గీతల మధ్య మిగిలిపోతుంది. అందుకని కరెంటు ఇవ్వకముందే ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య మీటరు పెట్టి, బీప్‌మని ఆగకుండా మోగుతోందా అని చూసుకోవాలి. మోగకపోతే బేస్ ఖాళీగా ఉంచే కరెంటు ఇచ్చి 7, 8 కాళ్ళ మధ్య కొలవాలి. 4.75 నుంచి 5.25 లోపు కనిపించాక ప్లగ్గు తీసేసి, అప్పుడు చిప్పు గుచ్చాలి. రెండో చిప్పు అలా గుచ్చింది. ఇప్పటికీ బతికే ఉంది.

రెండో కేసు తొందరగా చెప్పేస్తాను. డిప్లొమా చదివే కుర్రాడు. నా కొట్లోనే 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, అంటే మధ్య తీగ నుంచి అటూ ఇటూ 12 వోల్టులు ఇచ్చేది, కొన్నాడు, దేనికని నేను అడగలేదు. ఆ తప్పు నాది. మధ్య తీగ వదిలేసి రెండు చివరలూ ఏసీని డీసీ చేసే బ్రిడ్జికి కలిపాడు. 12 కాదు, 24 అయింది. ఏసీ 24 డీసీగా మారి కండెన్సర్‌లో నిలిచేసరికి 32 దాటుతుంది. రాత్రి లైను వోల్టేజీ పెరిగితే 35 కూడా దాటొచ్చు. వచ్చినదాన్ని 5కి దించే 7805 ఐసీ తట్టుకునే హద్దు 35. కండెన్సర్ మీద రాసి ఉన్నది 25. ముందు అదే టపాకాయలా పేలింది. నయం, కుర్రాడు అప్పుడు దాని మీదకి వంగి లేడు. మధ్య తీగా ఒక చివరా కలిపి సరిచేశాను. అప్పుడు లోపలికి వచ్చేది 15, 16. చిప్పూ రిలే కలిపి 100 మిల్లీ ఆంపియర్లు తాగినా 7805లో ఒక వాట్ వేడి ఊరికే పోతుంది. వేడి లాగే రేకు, అదే హీట్ సింక్, లేకుండా వదిలితే గాలికన్నా 65 డిగ్రీలు ఎక్కువ కాలుతుంది. మా మే నెల ఎండకి ఇది కలిపి చూసుకోండి. చిప్పుకి 5 ఇవ్వడానికి 16 తెచ్చి, 11 తగలేయడం ఏం తెలివి? ట్రాన్స్‌ఫార్మర్ వెనక్కి తీసుకుని చార్జరు ఇచ్చి పంపాను.

మూడోది చెప్పాలంటే నాకింకా చెయ్యి వణుకుతుంది.

కాశీనగర్ వైపు పల్లె నుంచి ఒక రైతు, ఆయన కొడుకూ వచ్చారు. కొడుకు ఇంటర్. మీ సర్క్యూటే చేశాడు. 5 వోల్టుల బాణం దగ్గర ఏం పెట్టాలో మీరు చెప్పలేదు కాబట్టి ఫోనులో ఏదో వీడియో వెతికి, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేని సప్లై కట్టుకున్నాడు. 230 తీగలో 105 నంబరు కండెన్సర్ ఒకటి, బ్రిడ్జి ఒకటి, వోల్టేజీని 5 దగ్గర పట్టి ఉంచే 5.1 జీనర్ ఒకటి. ఖర్చు తక్కువ, దాదాపు 70 మిల్లీ ఆంపియర్లు వస్తాయి, మీటరు పెడితే కచ్చితంగా 5 చూపిస్తుంది. చిప్పు నడిచింది, రిలే కొట్టుకుంది, మోటారు ఆగింది. కుర్రాడు సంతోషించాడు. మర్నాడు వాళ్ళమ్మ పెరట్లో ఇనప కుళాయి దగ్గర గిన్నెలు తోముతూ చెయ్యి వెనక్కి లాక్కుంది. "కుళాయి జివ్వుమంటోంది" అందట. నాచు పట్టి జారిందేమోలే అనుకున్నారట ఇంట్లోవాళ్ళు. రెండోసారి గట్టిగా కొట్టిందట. అప్పుడు మెయిన్ ఆపేసి నా దగ్గరకి వచ్చారు.

బోర్డుని ప్లగ్గులో పెట్టి, ట్యాంకులోకి దిగే కడ్డీకి టెస్టర్ తాకించాను. వెలిగింది. ప్లగ్గు తీసి తిప్పి పెట్టాను. ఆరిపోయింది. రెండు పిన్నుల ప్లగ్గు ఎటు తిప్పినా పడుతుంది కదా! ఒకవైపు పెడితే బోర్డు మైనస్ న్యూట్రల్‌కి కలుస్తుంది, తిప్పితే ఫేజుకి కలుస్తుంది. ఆ మైనస్సే కడ్డీగా మారి ట్యాంకులోకి దిగింది. ఆ నీళ్ళే గొట్టంలో కుళాయి దాకా వచ్చాయి. మీటరు 5 అని చెప్పింది అబద్ధం కాదు. ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య 5 నిజమే. కానీ మైనస్‌కీ ఆవిడ నిలబడ్డ తడినేలకీ మధ్య ఉన్నది 230. ఆ సంగతి మీటరుని ఎవరూ అడగలేదు.

ఈ రకం సప్లై చెడ్డదని అనను. దోమల బ్యాట్‌లో చాలావాటికి ఇదే ఉంటుంది, చవక ఎల్ఈడీ బల్బుల్లోనూ ఉంటుంది. అవన్నీ ప్లాస్టిక్‌లో మూసేసి ఉంటాయి, లోపలి తీగ ఏదీ మనిషికి తగలదు. బయటికి వైరు వచ్చే పనికి, అందులోనూ నీళ్ళలో వైరు దించే పనికి, అది పనికిరాదు. ఇంకో సంగతి. ఆ కుర్రాడు అదే బోర్డుకి ప్రోగ్రాం ఎక్కించడానికి అన్నగారి లాప్‌టాప్ కేబుల్ కూడా పెట్టబోయాడట, ఆ సమయానికి కరెంటు పోయింది. మా వైపు కరెంటు కోతలని నేనూ తిడుతుంటాను. ఆ ఒక్క కోతకి మాత్రం దణ్ణం పెట్టాను. మూడు పిన్నుల చార్జరుతో ఎర్తయి ఉన్న లాప్‌టాప్‌ని, ఫేజులో ఉన్న బోర్డుకి కలిపితే మిగిలేది పొగే.

రైతు ఏమన్నారో తెలుసా? "మావాడు పేపర్లో చూసి చేసినాడండి, పేపర్లో వేస్తే తప్పుంటదా?" అన్నారు. మీ మీద ఫిర్యాదుగా కాదు, నమ్మకంతో అన్నమాట అది. ఆయనకి బదులు చెప్పలేక మీకు రాస్తున్నాను.

ఇక భాష సంగతి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఏటా ఆగస్టు 29న మీరు ఆయన ఫోటో వేసి, వాడుక భాష గురించి అర పేజీ రాస్తారు, నేనూ చదువుతాను. 'స్థిరీకృత ఏకముఖ విద్యుత్తు' అంటే ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఒడియాలో చదివే పిల్ల కదా అనుకోకండి, తెలుగులో చదివే పిల్లలకీ అర్థం కాదు. 'ఫోను చార్జరు పెట్టండి, గోడ ప్లగ్గు నుంచి నేరుగా ఏదీ కలపకండి' అని రాసి ఉంటే మూడు ఇళ్ళలోనూ ఈ గొడవ లేకపోయేది. దానికి పట్టే చోటు ఆ వాక్యానికి పట్టిన చోటే.

నేను కోరేది ఒకటే. వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజులో, ఆ బాణం వెనక ఉండాల్సిన బొమ్మ వేయండి. క్షమాపణ అక్కర్లేదు. ఎక్కడో మూలన సవరణ అని రెండు లైన్లు వేస్తే మాత్రం ఆ పల్లె దాకా చేరదు. పాత బొమ్మని కత్తిరించి గోడకి అంటించుకున్న పిల్లలు ఉంటారు.

రిలే కూడా తీసేయమంటాను. ఇంట్లో గీసిన బోర్డు మీద 5 వోల్టుల గీత పక్కనే 230 గీత పోవడం నాకు నచ్చదు. పైగా ఒక హార్స్‌పవర్ మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలుకన్నా ఐదారు రెట్లు లాగుతుంది, ఆ చిన్న రిలే పాయింట్లు అతుక్కుపోతాయి. అతుక్కుంటే చిప్పు ఆపమన్నా మోటారు ఆగదు. రిలే బదులు బజర్ పెట్టండి. ట్యాంకు నిండితే అది అరుస్తుంది, ఇంట్లోవాళ్ళు వెళ్ళి స్విచ్ ఆపుతారు. అమ్మాయి ఇంట్లో ఇప్పుడు అదే నడుస్తోంది. వాళ్ళ నాయనమ్మకి చెవులు సరిగ్గా వినపడవని బజరుతోపాటు ఎర్ర ఎల్ఈడీ కూడా పెట్టింది.

బొమ్మ గీసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. చార్జరు సాకెట్ నుంచి ప్లస్ తీగలో 500 మిల్లీ ఆంపియర్ల పాలీఫ్యూజు. అది కాలిపోయే రకం కాదు, వేడెక్కి ఆపేసి, చల్లారాక మళ్ళీ పనిచేస్తుంది. దాని పక్కన ప్లస్‌కీ మైనస్‌కీ అడ్డంగా, కరెంటుని ఒకవైపే పోనిచ్చే 5408 డయోడు, గీత ఉన్న వైపు ప్లస్‌కి. ఎవరైనా కేబుల్ కోసి తీగలు తారుమారు చేస్తే కరెంటు ఆ డయోడులోంచే పోతుంది, ఫ్యూజు ఆపేస్తుంది. చిప్పు మీద 5 వోల్టులు తిరగబడి పడవు, మహా అయితే ఒక వోల్టు. డయోడు కాళ్ళు లావు, రంధ్రం ఒకటిన్నర మిల్లీమీటర్లు వేయాలి. తర్వాత 100 మైక్రోఫారడ్‌ల కండెన్సర్, చిప్పు కాళ్ళ దగ్గర రెండు 104లు. ప్లస్ గీతా మైనస్ గీతా మిగతావాటికన్నా రెండింతలు వెడల్పు. ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు చార్జరు పీకేయాలి, రెండు వైపుల నుంచి 5 ఇవ్వకూడదు.

బొమ్మలో నీలం సిరా నాది. ఒకచోట ఎర్రసిరాతో కొట్టేసి ఉంటుంది, అది ఆ అమ్మాయి దిద్దినది. నేను డయోడుని ముందు గీసి, ఫ్యూజుని దాని తర్వాత గీశాను. "అలాగైతే తీగలు తిరగబడినప్పుడు డయోడే కాలిపోతుంది కదా తాతా, ఫ్యూజుకి తెలీదు కదా" అంది. నిజమే. అచ్చు వేసేటప్పుడు ఎర్రసిరాది వేయండి.

ఇట్లు,
ఒక రిపేరు మెకానిక్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.